మేస్త్రమ్మ లెక్కలో లేని టికెట్టు

కండక్టర్లకు బొటనవేలు నాలుక్కి తాకించుకుని టికెట్టు చించడం అలవాటు. నజీరా అలా చెయ్యదు. చేరిన కొత్తల్లో, తొంభై ఎనిమిది ఎండాకాలంలో, ఆమెను మిర్చి యార్డు సర్వీసుకు వేశారు. యార్డులో పనిచేసి వచ్చే కూలీల చేతుల్లోని నోట్లకు, చిల్లరకు కారం అంటుకుని ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నాలుగు స్టేజీలు దాటేసరికి పెదవులు ఉబ్బి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. డ్రైవరు మరియదాసు అద్దంలో చూసి బండి పక్కకు తీసి ఆపాడు.

"అమ్మాయ్, మూతికి నూనె పూసుకో. నీళ్ళతో కడిగావంటే ఇంకా మండిద్ది."

"బస్సులో నూనె ఎక్కడుంది బాబాయ్?"

ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ ఒకామె తన తల మీద అరచెయ్యి గట్టిగా రుద్దుకుని, "ఇదిగో, ఇటు పెట్టు మూతి" అంటూ నజీరా పెదవులకు ఆ నూనె రాసేసింది. ఆవిడ వెంకటరావమ్మ. యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల జట్టుకు మేస్త్రి. జట్టంతా పకపకా నవ్వింది.

"కొత్త కోడలికి మొదటి రోజే కారం పెట్టావే మేస్త్రమ్మా" అన్నదొకతె.

"పెట్టింది నేనా? మీ చేతులు కడుక్కుని చావండే అంటే వింటారా?" అని వెంకటరావమ్మ తిరగబడింది.

మర్నాటినుంచి నజీరా సబ్బు డబ్బాలో తడి స్పాంజి ముక్క పెట్టుకుని ఎక్కింది.

ఈ సంగతులన్నీ ఆమె ఒక్కసారిగా చెప్పినవి కావు. మధ్యాహ్నం వేళ బస్సు ఖాళీగా నడుస్తుంది. ముందు సీట్లో కూర్చుని ఓపిగ్గా వినేవాళ్ళుంటే ముక్కలు ముక్కలుగా చెప్పేది. ఏ ముక్కా గొంతు పెంచి చెప్పలేదు. మార్కెట్లో వంకాయలు ఏ ధర పలికాయో చెప్పినట్టే చెప్పేది.

నజీరా పుట్టిందీ పెరిగిందీ గుంటూరు సంగడిగుంటలో. తండ్రి జనపనార మిల్లు కార్మికుడు. పదో తరగతి అయ్యాక పెళ్ళయింది. భర్త జాన్ బాషా అద్దె ఆటో నడిపేవాడు. ఆడవాళ్ళను కాంట్రాక్టు మీద కండక్టర్లుగా తీసుకుంటున్నారని విని దరఖాస్తు పెట్టుకుంది. ఆ డిపోలో ఆమెతో కలిపి ఏడుగురు చేరారు. చీర మీద ఖాకీ కోటు, భుజాన తోలు సంచి, చేతిలో టికెట్ల ట్రే. చేరిన రోజున ఏడుగురూ కలిసి స్టూడియోకు వెళ్ళి ఫోటో దిగారు.

కాంట్రాక్టు అంటే బస్సెక్కిన రోజుకే కూలి. జ్వరమొచ్చి పడుకుంటే జ్వరమే మిగులుతుంది. అదే బస్సులో, అదే పని చేసే పర్మినెంటు కండక్టరుకు మూడింతలు జీతం, సెలవులు, పాసులు, ఆస్పత్రి. ఒకసారి డిపోలో పర్మినెంటు కండక్టరొకాయన నజీరా టిఫిను డబ్బాలోకి తొంగిచూసి, "ఏమ్మా, మీకూ మాకూ అన్నం మాత్రం ఒకే రంగులో ఉందే" అని హాస్యమాడాడట. చెడ్డవాడు కాదు. ఆ మాట అని, తన డబ్బాలోని కోడిగుడ్డు తీసి ఆమెకు పెట్టాడు.

జీతం కన్నా ముందు ఆడవాళ్ళను కుదిపేసింది మరొకటి. బస్సు తిరిగే రెండు కొసల్లోనూ మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళు గోడ వెనక్కి పోతారు. వీళ్ళు పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు కాఫీ కూడా మానేశారు. డ్యూటీ దిగేదాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉండటం, అన్నిటికన్నా ముందు నేర్చుకున్న విద్య అది. డిపోలో ఆడవాళ్ళ గది అని చూపించిన దాంట్లో పాత టైర్లు ఉండేవి. ఎండాకాలంలో ఒకామె బస్సులోనే కళ్ళు తిరిగి పడిపోయింది, మళ్ళీ రాలేదు. ఒకామెకు అంగన్‌వాడీలో పని దొరికింది. ఒకామె భర్త మాన్పించాడు. చివరికి మిగిలింది ఇద్దరు, నజీరా, శ్రీరమ్య.

శ్రీరమ్య నోరున్న మనిషి. మేనేజరు గదిలోకి వెళ్ళి, "సార్, టైర్లకిచ్చిన గది మాకివ్వండి, మేమూ అరిగిపోయినవాళ్ళమే" అనగలిగిన మనిషి. ఆ మాటకు ఆయన నవ్వి, టైర్లు తీయించి, ఒక బల్ల వేయించాడు. అలాంటి శ్రీరమ్య ఐదో ఏడు ఒకరోజు బ్రాడీపేటలో చీరల కొట్లో చేరిపోయింది.

"అక్కడ జీతం ఎక్కువా?" అని అడిగింది నజీరా.

"ఇదే."

"మరి?"

"ఫ్యానుంది. దొడ్డుంది. నీళ్ళు తాగితే ఎవరూ అడగరు. నువ్వు కూడా రావే. మా సేటుకు ఇంకో మనిషి కావాల."

"పర్మినెంటు చేస్తారంటున్నారుగా."

"ఐదేళ్ళనించీ అంటున్నారు. నీకు మనవలు పుట్టినాక చేస్తారు, వాళ్ళకు హాఫ్ టికెట్టు కొట్టి ఇద్దువుగాని."

నజీరా నవ్వింది. శ్రీరమ్య తోలుసంచి అప్పగించి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నజీరా బల్ల మీద ఒక్కతే కూర్చుని డబ్బా తింది. బాధేసిందా అని అడిగితే, "ఏమో. బల్ల మీద చోటు ఎక్కువైంది" అంది.

ఇంట్లో జాన్ బాషా పోరు వేరు. అప్పటికి అతను అద్దె ఆటో వదిలేసి సొంతంగా సెవెన్ సీటరు కొన్నాడు. అది తిరిగేది మార్కెట్ సెంటరు నుంచి పెదకాకాని దాకా. నజీరా బస్సుదీ ఆ దారే. పెదకాకాని నుంచి బయల్దేరి బస్టాండు, మార్కెట్, లాడ్జి సెంటరు, చుట్టుగుంట మీదుగా యార్డుకు పోతుంది. ఆటోలవాళ్ళు బస్సుకు రెండు నిమిషాలు ముందుగా ప్రతి స్టాపులోనూ ఊడ్చుకుపోయేవాళ్ళు. కలెక్షన్ తగ్గిందని డిపోలో నజీరాను అడిగేవాళ్ళు.

"ఇంట్లో అన్నం వడ్డించేది నేను, రోడ్డు మీద నా నోటికాడ కూడు లాగేది నువ్వు" అనేది భర్తతో.

"నీ డొక్కు బస్సు వచ్చేదాకా జనం ఎండలో మాడాలా? మానెయ్యవే అంటే మానెయ్యవు. నాకొచ్చే దాంట్లో సగం వస్తందా నీకు?"

"పర్మినెంటు అయితే వస్తది. ఆటోకి పింఛనుందా?"

అక్కడితో జాన్ బాషా ఆటో తాళం తీసుకుని బయటికి పోయేవాడు. ఎందుకంటే అది అతనికీ తెలుసు. ఆటో ఎన్నాళ్ళు తిరుగుతుందో, తన నడుము ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. కూతురు షమా అప్పుడు హైస్కూల్లో ఉంది. ఆ ఇంట్లో రాబోయే రోజులన్నీ ఆ ఒక్క మాట మీద ఆగి ఉన్నాయి. పర్మినెంటు.

అది జరగాలంటే రెండే రెండు. సీనియారిటీ ఉండాలి, పేరు మీద కేసు ఉండకూడదు. కేసంటే పోలీసు కేసు కాదు. చెకింగ్ స్క్వాడ్ బస్సెక్కినప్పుడు ఒక్క మనిషి టికెట్టు లేకుండా దొరికినా అది కండక్టరు మీద రాస్తారు. కాంట్రాక్టు మనిషికి ఒక్క కేసు పడితే జాబితాలో పేరు ఉండదు. ఏడేళ్ళలో నజీరా మీద ఒక్క కేసూ లేదు. రెండువేల ఐదు మొదట్లో జాబితా తయారవుతోందని కబురు వచ్చింది. నజీరా పేరు పైనే ఉందని డిపో గుమస్తా చెప్పాడు.

అదే మిర్చి సీజను.

సీజన్లో యార్డు బస్సు ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుసు. పెదకాకాని అవతలి పల్లెల నుంచి ఆడకూలీలు జట్లు జట్లుగా ఎక్కుతారు. చీరల మీద మగాళ్ళ పాత చొక్కాలు, తలకు తువ్వాళ్ళు, చేతుల్లో సద్ది డబ్బాలు. నిన్నటి కారం ఇవాళ్టి బట్టల్లో ఉంటుంది. ఒకరు తుమ్మితే బస్సంతా తుమ్ముతుంది. ఆ గుంపులోకి దూరి మనిషి మనిషికీ టికెట్టు కొట్టడం ఏ కండక్టరు వల్లా కాదు. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. జట్టుకు మేస్త్రి తలుపు దగ్గర నిలబడి ఎంతమందో చెబుతుంది. కండక్టరు అన్ని టికెట్లూ ఒకే కట్టగా చించి ఇస్తుంది. దిగేటప్పుడు మేస్త్రి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో టికెట్టు పెట్టి దించుతుంది. మేస్త్రి అందరికన్నా చివర దిగుతుంది.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. మేస్త్రి తన జట్టును లెక్కచెప్పేటప్పుడు తనను కలుపుకోదు. యార్డులో షావుకారు అడిగేది కుప్ప ముందు కూర్చునే చేతులెన్ని అని. మేస్త్రి కూర్చోదు, తిరుగుతుంది. ఆమె కూలి వేరు, లెక్క వేరు. ఎన్నో ఏళ్ళుగా అలా చెప్పీ చెప్పీ ఆ లెక్కే నోటికి వస్తుంది. వెంకటరావమ్మ "ఇరవై" అంటే నజీరా ఇరవై ఒకటి చించేది. ఆ ఒకటి ఎందుకని ఆవిడ అడిగేది కాదు, ఇందుకని ఈమె చెప్పేది కాదు. ఏడు సీజన్లు అలాగే నడిచింది.

ఆ రోజు పెదకాకాని దగ్గర పిచ్చమ్మ జట్టు కూడా నిలబడి ఉంది. పిచ్చమ్మ పక్క ఊరి మేస్త్రి. వాళ్ళు మామూలుగా ట్రాక్టరులో వెళ్తారు. ఆ పూట ట్రాక్టరు రాలేదు. వెంకటరావమ్మ వాళ్ళను కూడా ఎక్కించింది.

"అమ్మాయ్, ఇయ్యాల పిచ్చమ్మోళ్ళు మనతోనే. అంతా కలిపి ముప్ఫై నాలుగు. కట్ట నాకే ఇయ్యి. డబ్బులు నేనిస్తా, తర్వాత మేం చూసుకుంటాం."

నజీరా ముప్ఫై ఐదు చించి ఇచ్చింది.

జట్లు రెండు. మేస్త్రులు ఇద్దరు. లెక్కలో లేనివాళ్ళు ఇద్దరు. ఆ సంగతి వెంకటరావమ్మకు తట్టలేదు, నజీరాకూ తట్టలేదు. ముప్ఫై నాలుగు అంటే ముప్ఫై ఐదు. చెయ్యి దానంతటదే చించేసింది.

యార్డు గేటు ముందు స్క్వాడ్ జీపు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టరు ముందు తలుపు దగ్గర నిలబడి దిగేవాళ్ళ టికెట్లు చూడసాగాడు. వెంకటరావమ్మ ఎప్పటిలాగే ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టి దింపింది. తన జట్టు దిగింది. పిచ్చమ్మ జట్టు దిగింది. పిచ్చమ్మ కూడా ఒక టికెట్టు తీసుకుని దిగింది. చివరికి వెంకటరావమ్మ చెయ్యి చాపి చూసుకుంటే ఏమీ లేదు.

"నీ టికెట్టేదమ్మా?"

"ఉండాలే." కొంగు విదిలించింది. కింద చూసింది. "ఒసే, ఎవతన్నా రెండు తీసుకున్నారటే?"

ఎవరూ తీసుకోలేదు. కింద నిలబడ్డ ముప్ఫై ఐదుగురు చేతులెత్తి చూపించారు. చేతికొక్కటే.

"మేస్త్రమ్మే టికెట్టు ఎగ్గొట్టిందిరోయ్" అని పిచ్చమ్మ జట్టులో ఒక పడుచు అరిచింది. నవ్వులు లేచాయి. గేటు దగ్గర నిలబడ్డ షావుకారు గుమస్తా కూడా ఇటు తిరిగి చూశాడు.

అప్పుడు అర్థమైంది నజీరాకు. ఎవరూ చెప్పకుండానే. ఇద్దరు మేస్త్రులు.

ఇన్‌స్పెక్టరు పెద్దవాడు, మంచివాడే. కాగితం తీసి, పెన్ను ఆమె చేతికిచ్చి, "ఏం జరిగిందో రాయమ్మా" అన్నాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "జాబితా వస్తోంది, తెలుసుగా" అన్నాడు.

"తెలుసు సార్."

"కండక్టరు అడిగినా ప్యాసింజరు టికెట్టు తీసుకోలేదు అంటే జరిమానా ఆమెకు. కండక్టరు ఇవ్వలేదు అంటే కేసు నీకు. చూసుకుని రాయి." అలా అని జీపు వైపు వెళ్ళి నిలబడ్డాడు. ఆ రెండు నిమిషాలూ కావాలనే ఇచ్చాడు.

మరియదాసు సీటు దిగి వచ్చాడు. "ఆలోచిస్తావేంది నజీరమ్మా? అడిగాను, తీసుకోలేదు అని ఒక్క ముక్క గీకు."

వెంకటరావమ్మ అందుకుంది. "అదే రాయి. ఆమె అడిగింది, నేనే ముసుగేసుకుని కూర్చున్నా అని రాయి. ఆ బాబుకు నేను చెప్తా. ఎంత జరిమానా? కట్టి పారేస్తా."

కింద ఇంకా నవ్వుతున్నారు. నజీరా ఆ నవ్వులు విన్నది. వెంకటరావమ్మ ముఖం చూసింది. పెన్ను చూసింది. ఏమీ అనిపించలేదట. భయం లేదు, జాలి లేదు. ఎండకు కాగితం తెల్లగా ఉంది. రాసింది. 'మేస్త్రి ముప్ఫై నాలుగు అని చెప్పినారు. నేను మనుషులను లెక్కించలేదు. ఒక టికెట్టు తక్కువ ఇచ్చినాను.' కింద సంతకం పెట్టింది.

ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జీపు వెళ్ళిపోయాక మరియదాసు స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "నీకు పిచ్చా? ఎవరి కోసం చేశావు?"

"ఎవరి కోసమూ కాదు బాబాయ్. రాయమన్నారు, రాశాను."

ఎందుకలా రాశావని తర్వాత ఎన్ని విధాల అడిగినా ఆమె దగ్గర ఇంకో సమాధానం దొరకలేదు. మేస్త్రికి మాటే పెట్టుబడి, దొంగ అనిపించుకుంటే షావుకార్లు నమ్మరు, అందుకా అంటే, "అయ్యుండొచ్చు, అప్పుడు అంత ఆలోచించలేదు" అంది. అబద్ధం రాయలేకా అంటే, "ఇంట్లో రోజూ ఆడతానుగా, చక్కెర అయిపోయిందని" అంది.

జాన్ బాషాకు చెప్పినప్పుడు అతను ఆటో తుడుస్తున్నాడు. గుడ్డ బక్కెట్లో పడేశాడు.

"ఏడేళ్ళు" అన్నాడు.

"ఊఁ."

"ఏడేళ్ళు నీళ్ళు తాగకుండా ఎండబెట్టావు ఒళ్ళు. ఒక్క ముక్కకు పోగొట్టావు."

ఆమె బియ్యం చేటలో పోసుకుని కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసిందట. రాలేదు. రాళ్ళు ఏరింది. అన్నం వండింది. అతను తినకుండా వెళ్ళిపోతే మూతపెట్టి, షమా జడ వేసింది.

వెంకటరావమ్మ ఆ ఆదివారం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చంకలో ఎండుమిరపకాయల మూట. గడపలోనే మొదలుపెట్టింది.

"నిన్ను నాలుగు తందామని వచ్చా. నా మాట నన్ను చెప్పనియ్యకుండా నువ్వెవతివే రాయటానికి?"

"కూర్చో పిన్నీ."

"కూర్చోను. నేను దొంగననిపించుకుంటే నాకు పోయేదేంది? పది రోజులు నవ్వుతారు. పదకొండో రోజు ఇంకెవతో దొరుకుద్ది వాళ్ళకి. నీకు పోయింది జన్మకి పోయిందంటగా. ఆ డ్రైవరయ్య చెప్పాడు."

"లెక్క చూసుకోవాల్సింది నేను పిన్నీ. నీదేం లేదు."

"ఎందుకు లేదు? నన్ను నేను మర్చిపోయేది నేను కాదూ?" అని గోడకు ఆనుకుని కూలబడింది. "చదువుకున్నదానివి, నీకైనా తెలియద్దా ఇద్దరుంటే రెండని?"

అందుకు నజీరా నవ్వింది. వెంకటరావమ్మకు కోపం వచ్చి ఇంకా తిట్టింది. టీ తాగి, మూట అక్కడే వదిలి వెళ్ళింది. పోతూ పోతూ, "నీ బస్సెక్కితే రోజూ నీ మొహం చూడాల. నా వల్ల కాదు" అంది.

అన్నట్టే చేసింది. ఆ వారంనుంచి తన జట్టును ఆటోల్లో తీసుకుపోవడం మొదలుపెట్టింది. అందులో ఒక ఆటో జాన్ బాషాది. కొన్నాళ్ళు అతను ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పిన రోజు ఆమె, "మేస్త్రమ్మ ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

"నీ గురించే అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్పను? బతికే ఉంది అన్నా."

జాబితా వచ్చింది. గోడకు అంటించారు. ఆమె తర్వాత మూడేళ్ళకు చేరిన కుర్రవాళ్ళ పేర్లున్నాయి. నజీరా దాని ముందు నిలబడి పైనుంచి కిందదాకా చదివింది. లేదని తెలిసీ చదివింది. పక్కనున్నవాళ్ళు ఆమెకు దారిచ్చారు. చీరల కొట్టు నుంచి శ్రీరమ్య మనిషిచేత కబురు పంపింది, ఇప్పటికైనా రమ్మని.

మానేద్దామనే మర్నాడు డిపోకు వెళ్ళింది. సంచి, ట్రే అప్పగించి రావాలని. అప్పటికి కాంట్రాక్టు వాళ్ళు చాలామంది మానేశారు. కొందరు సెల్‌ఫోన్ల కొట్లలో చేరారు, కొందరు విజయవాడ పోయారు. ఆ రోజు మరీ మనుషులు లేరు. మూడు సర్వీసులు ఆగిపోయేలా ఉన్నాయి. గుమస్తా ఆమెను చూడగానే, "వచ్చావా తల్లీ, దేవతలా వచ్చావు" అని డ్యూటీ చార్టులో పేరు రాసేశాడు.

"సార్, నేను వచ్చింది..."

"తర్వాత మాట్లాడదాం. బండి స్టార్ట్ చేసి కూర్చున్నాడు మరియదాసు."

ఎక్కింది. సాయంత్రం దిగాక చెబుదామనుకుంది. సాయంత్రం కౌంటరు దగ్గర వరస పెద్దగా ఉంది. మర్నాడూ అంతే. ఎందుకు మానలేదు అని అడిగేవాళ్ళకు ఆమె చెప్పేది ఇదే. అంతకు మించి ఏమీ లేదంటుంది. నమ్మకపోతే ఊరుకుంటుంది.

ఆ తర్వాతి సంవత్సరాల గురించి ఆమె చెప్పిందీ తక్కువ, చెప్పడానికున్నదీ తక్కువ. యార్డు సర్వీసులు సగం తీసేశారు. ఆటోలు పెరిగాయి. బస్సులో కూర్చునే చోటు దొరకడం మొదలైంది. ఆమె ఇప్పుడు మేస్త్రులు చెప్పే లెక్క తీసుకోదు. గుంపులోకి దూరి ఒక్కొక్క తలా ముట్టుకుని లెక్కపెడుతుంది. "ఏంది నజీరమ్మా, మా తలలో పేలు చూస్తన్నావా?" అని కూలీలు ఎగతాళి చేస్తారు. ఆమె లెక్క ఆపదు. తుమ్ములొస్తే తుమ్ముతుంది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి రావాలి.

మరియదాసు రిటైరయ్యాడు. డిపోలో దండ వేసి, స్టీలు బిందె ఇచ్చారు. నజీరా కూడా చందా ఇచ్చింది. కొత్త డ్రైవరు పాటలు పెట్టుకుని నడిపే మనిషి, మాట్లాడడు.

రెండువేల ఏడు వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర మరియదాసు వెనక తలుపు నుంచి ఎక్కాడు. తెల్ల పంచె, గొడుగు. ఖాకీ లేకుండా చూస్తే మనిషి సన్నబడినట్టున్నాడు. బస్సులో పదిమంది కన్నా లేరు. నజీరా ట్రే పట్టుకుని దగ్గరికి వెళ్ళింది.

"ఎక్కడికి బాబాయ్?"

"పాసుంది."

"చూపించండి."

"నన్నే అడుగుతావటమ్మాయ్?" అని నవ్వుతూ చొక్కా జేబులోంచి పాసు తీశాడు. ఆమె తేదీ చూసి తిరిగి ఇచ్చింది.

"పొద్దున డిపోకి పోయా, పీఎఫ్ పని మీద. కొత్త జాబితా వచ్చింది. ఈసారి కేసు పడి రెండేళ్ళు దాటినోళ్ళను కూడా తీసుకున్నారు." ఆగి ఆమె ముఖంలోకి చూశాడు. "నీ పేరుంది. నా కళ్ళతో చూశా. నీకు చెబుదామనే ఈ బస్సుకోసం నిలబడ్డా, అరగంటనుంచి."

నజీరా స్పాంజి మీద వేలు అద్దుకుంది. మార్కెట్ సెంటరు వస్తోంది. స్టాపులో ఇద్దరు ఆడవాళ్ళు చేతులెత్తి బస్సు ఆపుతున్నారు.

"అమ్మాయ్, విన్నావా? పర్మినెంటు అయ్యావు."

"విన్నాను బాబాయ్. మీరు పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?"

"అదేంది?"

"మార్కెట్ దగ్గర దిగండి. అక్కడ మూలకొట్లో ఇడ్లీ ఉంటుంది, ఈ వేళప్పుడు కూడా."

 మరియదాసు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "సరేలే. ఇంటికి పోయి జాన్ బాషాకు చెప్పు. వాడన్నా ఎగురుతాడు" అని, బస్సు ఆగగానే మెల్లగా దిగి, వానలో గొడుగు విప్పుకున్నాడు.

ముందు తలుపు నుంచి ఎక్కిన ఇద్దరికీ ఆమె టికెట్లు కొట్టింది. ఒకామె పెద్ద నోటు ఇచ్చింది. చిల్లర కోసం సంచిలో వెతుకుతూ లాడ్జి సెంటరు దాటింది. చుట్టుగుంట దగ్గర స్టేజీ అంకె రాసుకుంటుండగా గుర్తొచ్చిందట, పర్మినెంటు అయినవాళ్ళను వేరే డిపోలకు పంపిస్తారని. ఒంగోలు అవతలకు కూడా వేస్తారు. తనను ఎక్కడికి వేశారో అడగనేలేదు. వెనక అద్దంలోంచి చూసింది. మరియదాసు కనబడేంత దగ్గరలో లేడు. డ్రైవరు పాట మార్చుకున్నాడు.